బట్టమేక పక్షి తప్పేమిటి?

(కర్నూలులో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

పరిసరాలకు ఇమడలేని జీవుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఇందుకు దూరదేశపు ఉదాహరణలు వెతకనక్కర్లేదు. నందికొట్కూరు దాటి మిడుతూరు వైపు వెళితే రోళ్లపాడు వస్తుంది. అక్కడ 1988లో ముఖ్యంగా ఒక పక్షి కోసం అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. ఆ పక్షి బట్టమేక పక్షి, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. మీటరు ఎత్తు, తెల్లని పొడవాటి మెడ, తల మీద నల్లని టోపీ పెట్టుకున్నట్టు ఈకలు. ప్రపంచంలో ఎగరగలిగే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. ఒకప్పుడు రోళ్లపాడు పరిసరాల్లో అది గుంపుగా తిరిగేది. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహ్మానీ, ఆయన బృందం అక్కడే ఉండి దాన్ని పరిశీలించారు. ఇప్పుడు అక్కడ ఆ పక్షి కనిపించడమే గగనమైపోయింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు ఒక జవాబు వినిపిస్తుంది. చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తుంది. "మారే కాలానికి ఇమడలేనిది పోతుంది, అది ప్రకృతి న్యాయం, మనమేం చేస్తాం?" అంటారు. ఈ మాట తప్పని చెప్పడానికే వచ్చాను. జీవశాస్త్రం చదువుతున్న మీరు ఈ మాటను నమ్మకూడదు.

ఆ పక్షి శరీరాన్ని ఒకసారి నాతో పాటు చూడండి. దాని కాలికి మూడు వేళ్లే ఉంటాయి, మూడూ ముందుకే. కాకికీ పిచ్చుకకూ ఉన్నట్టు వెనక వేలు లేదు. అందుకే అది కొమ్మను పట్టుకుని కూర్చోలేదు. పుట్టింది మొదలు చచ్చేదాకా నేల మీదే. చెట్లు తక్కువగా, గడ్డి మోకాలెత్తుగా ఉండే మైదానంలో రోజంతా నడవడానికి ఆ పాదం సరిగ్గా సరిపోతుంది. మిడతలు, పేడపురుగులు, బల్లులు, రేగుపళ్లు, గడ్డిగింజలు, కోత కోసిన చేలో మిగిలిన వేరుశనగ కాయలు, ఏది దొరికితే అది తింటుంది. కరువు ప్రాంతంలో బతికే జీవికి తిండి విషయంలో పట్టింపు ఉండకూడదు. దీనికి లేదు.

వానాకాలంలో మగపక్షి కాస్త ఎత్తైన చోటు చూసుకుని నిలబడుతుంది. గొంతు కింది సంచిని గాలితో నింపుకుంటుంది. తెల్లని ఈకలతో ఆ సంచి దాదాపు కాళ్ల దాకా వేలాడుతుంది. తోకను వీపు మీదికి ఎత్తి, లోతైన గొంతుతో పిలుస్తుంది. ఆ పిలుపు అర కిలోమీటరు దాకా వినిపిస్తుంది. చెట్లు, గోడలు, ఇంజన్ల మోత లేని చోట ఆ దూరం చాలు, ఆడపక్షి విని వస్తుంది. ఏటేటా అదే చోటికి వచ్చి పిలవడం మగపక్షికి అలవాటు. ఆ గడ్డ మీద రోడ్డు పడినా, బోరు వేసినా దాని సంసారం అక్కడితో ఆగిపోతుంది.

గుడ్డు ఒక్కటే పెడుతుంది. చాలా అరుదుగా రెండు. గూడు కట్టదు. నేల మీద చిన్న పల్లం చాలు. గుడ్డు మీద మచ్చలు, మట్టిలో కలిసిపోయే రంగు. సుమారు 27 రోజులు తల్లి ఒక్కతే పొదుగుతుంది. మగపక్షి అటు తొంగిచూడదు. పొదిగే తల్లి దగ్గరికి మేత మేస్తూ ఒక ఆవో గేదో వచ్చిందనుకోండి. చిన్న పక్షి అయితే లేచి ఎగిరిపోతుంది. ఇది కదలదు. పశువు తొక్కే దూరంలోకి వచ్చేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఒక్కసారిగా రెండు రెక్కలూ విప్పి, తోక విసనకర్రలా పరిచి లేచి నిలబడుతుంది. పశువు బెదిరి పక్కకు తప్పుకుంటుంది. గుడ్డు దక్కుతుంది. నక్కో మరో జంతువో వస్తే ఉపాయం మారుస్తుంది. కాళ్లు వేలాడదీసుకుని, గాయపడినట్టు వంకర టింకరగా ఎగురుతూ ఆ జంతువును గుడ్డుకు దూరంగా తీసుకుపోతుంది. పశువుకు ఒక ఉపాయం, వేటజంతువుకు మరో ఉపాయం. ఇంత ఎరిగిన జీవిని ఇమడలేనిది అని ఎలా అంటాం? తాను పుట్టిన నేలకు ఇంతకన్నా తగిన పక్షి ఉండదు.

కాని ఆ ఉపాయాలన్నీ ఒక లెక్క మీద ఆధారపడి ఉన్నాయి. పశువు ఎప్పుడో ఒకసారి వస్తుంది, నక్క ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఊరి చెత్తకుప్పల మీద పెరిగిన కుక్కల మంద రోజూ ఆ గడ్డిలో తిరుగుతుంటే ఆ లెక్క తప్పుతుంది. ట్రాక్టరు వచ్చినప్పుడు తల్లి రెక్కలు విప్పి నిలబడితే ట్రాక్టరు బెదరదు.

ఇక దాని కళ్ల సంగతి. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బట్టమేక పక్షి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. పక్క నుంచి వచ్చే తోడేలును, పైనుంచి వచ్చే డేగను పసిగట్టడానికి అదే మేలు. ఆఫ్రికాలో దీనికి దగ్గరి బంధువు ఒకటుంది, కోరి బస్టర్డ్ అంటారు. ఇద్దరిదీ ఒకే ప్రజాతి (జీనస్). గ్రాహం మార్టిన్, జెస్ షా అనే శాస్త్రవేత్తలు దాని చూపును కొలిచి 2010లో ఫలితాలు ప్రకటించారు. ఎగురుతున్నప్పుడు ఆ పక్షి తలను 25 డిగ్రీలు కిందికి వంచితే చాలు, తాను వెళుతున్న దిక్కే దానికి కనబడదు. కొంగజాతికి చెందిన తెల్ల స్టార్క్ అయితే 55 డిగ్రీలు వంచితే గాని ఆ పరిస్థితి రాదు.

ఎగిరేటప్పుడు పక్షి తల ఎందుకు వంచుతుంది? కింద తిండి ఉందా, తోటి పక్షులున్నాయా, దిగడానికి చోటుందా అని చూడటానికి. లక్షల ఏళ్లుగా ఆ మైదానాల మీద ఆ ఎత్తులో దానికి ఎదురుగా అడ్డు వచ్చేదేదీ లేదు. ఎదురు చూపు కన్నా కింది చూపే దానికి ముఖ్యం. అలాంటి ఆకాశంలోకి మనం కరెంటు తీగలు తెచ్చాం. అది తల వంచుకుని వస్తుంది. తీగ కనబడదు. చివరి క్షణంలో కనబడినా, నిండు లోడుతో వస్తున్న లారీని సైకిల్లా పక్కకు తిప్పలేనట్టే, మగదైతే పది కిలోలు దాటే ఆ శరీరాన్ని అది తిప్పుకోలేదు. తీగ తగిలి మెడ విరుగుతుంది, లేదా రెక్క విరిగి పడిపోతుంది. రాజస్థాన్‌లోని థార్ ప్రాంతంలో ఇలా తీగలు తగిలి ఏడాదికి 18 బట్టమేక పక్షులు చనిపోతుండవచ్చని డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది.

పద్దెనిమిదే కదా అనిపించవచ్చు. 1969లో దేశం మొత్తం మీద ఈ పక్షులు 1,260 దాకా ఉంటాయని అంచనా. ఇప్పుడు స్వేచ్ఛగా తిరిగేవి 150 లోపేనని అంచనా. వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ పరిసరాల్లోనే మిగిలాయి. గుజరాత్‌లోని కచ్‌లో ఆడపక్షులు మాత్రమే కొన్ని మిగిలాయి, జత కట్టడానికి మగది లేదు. మన పొరుగున బళ్లారి జిల్లా సిరుగుప్ప వైపు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కనబడుతూ వచ్చాయి. ఏడాదికి ఒక గుడ్డు పెట్టే జీవి ఏటా పద్దెనిమిదింటిని పోగొట్టుకుంటే, పోయినవాటి స్థానంలో పుట్టేవి ఎక్కడి నుంచి వస్తాయి? పుట్టిన పిల్ల దాదాపు ఏడాది పాటు తల్లి వెంటే తిరగాలి. ఇది తొందరపడని జీవి. ఎక్కువకాలం బతికి, తక్కువ పిల్లలను కని, జాగ్రత్తగా పెంచడం దాని పద్ధతి. పెద్ద పక్షి చావు అరుదుగా ఉన్నంతకాలం ఆ పద్ధతి చక్కగా నడిచింది.

ఇక్కడ ఆగి మీరొకటి గమనించాలి. ఇమడటం, ఇమడకపోవడం అన్నవి ఒంటరిగా ఒక జీవిలో ఉండే గుణాలు కావు. జీవికీ దాని చోటుకూ మధ్య ఉండే సంబంధం అది. జీవి ఉన్నట్టే ఉండి, చోటు మారిపోతే, నిన్నటి దాకా కాపాడిన గుణమే ఇవాళ చంపుతుంది. రాబందు చూడండి. కుళ్లిన కళేబరంలోని క్రిములను అరాయించుకోగల కడుపు దానిది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందును మాత్రం ఆ శరీరం తట్టుకోలేకపోయింది. కారణం 2004లో తేలింది, పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో మన దేశంలో నిషేధించారు. అప్పటికే రాబందులు నూటికి తొంభైకి పైగా పోయాయి. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఇసుకలో పుట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలకు వెలుతురు ఉన్న వైపే సముద్రమని పుట్టుకతో వచ్చిన జ్ఞానం. చీకటి రాత్రి నీళ్ల మీది వెలుగు వాటికి దారి చూపేది. రోడ్డు దీపాలు పెట్టాక అదే జ్ఞానం వాటిని ఊరి వైపు నడిపిస్తోంది. వీటిలో దేన్ని చేతకానిదందాం?

కాలం మారుతోంది కదా, పక్షి కూడా మారవచ్చు కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మారుతుంది, సమయమిస్తే. ఏటా ఒక గుడ్డు పెట్టే జీవిలో మార్పు రావాలంటే వందల తరాలు గడవాలి. థార్ ఎడారి మీద తీగలు నిండటానికి మనిషికి ఒక తరం చాలింది. కాకి, పావురం, గోరింక మనతో పాటు బతుకుతున్నాయంటే అవి గొప్పవని, ఇది తక్కువదని కాదు. మనం కట్టే చోటు వాటి పాత బతుకుకు దగ్గరగా వచ్చింది, అంతే. రాతి బండల మీద గూడు పెట్టుకునే పావురానికి మన మేడలు కూడా బండలే.

ఇప్పుడు రోళ్లపాడుకు వద్దాం. రాయలసీమలో పుట్టినవాణ్ణి నేను. పొలానికి నీళ్లు రావడాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు, ఉండకూడదు కూడా. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వాన మీద ఆధారపడిన మెట్ట పంటలు, మధ్య మధ్య బీడు భూములు, గొర్రెల మేత. పక్షి గడ్డిలో గుడ్డు పెట్టి, చేలల్లో తిరిగి తినేది. రైతుకూ దానికీ తగువు లేదు. కాలువ నీరు వచ్చింది. అభయారణ్యం పక్కనే అలగనూరు జలాశయం కట్టారు. పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు పెరిగాయి. ఏడాదిలో ఎప్పుడూ ఖాళీ లేని చేలు, మందుల పిచికారీ, మిడతలు లేని గట్లు. పక్షికి మిగిలింది కంచె లోపలి ఆ ఆరు చదరపు కిలోమీటర్లు. ఋతువును బట్టి పదుల కిలోమీటర్లు తిరిగే పక్షికి ఆరు చదరపు కిలోమీటర్లు ఏ మూలకు?

నీళ్లు రావడం అన్యాయం కాదు. మెట్ట గడ్డి నేలను ఖాళీ స్థలంగా లెక్కగట్టడమే అన్యాయం. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, కేంద్ర భూవనరుల శాఖ కలిసి ఉపగ్రహ చిత్రాలతో వృథా భూముల అట్లాసు తయారు చేస్తాయి. 2019లోనూ ఒకటి వెలువడింది. తుప్పలతో ఉన్న మెట్ట నేలలు అందులో ఒక వర్గం. ఒక నేల ఆ పటంలోకి ఎక్కిందంటే, దాన్ని ఏదో ఒక పనికి తేవాలన్న ఆలోచన వెంటనే మొదలవుతుంది. మొక్కలు నాటుదామంటారు ఒకరు. ఆ మాట ఎంత మంచిగా వినిపించినా, గడ్డి మైదానంలో దట్టంగా చెట్లు నాటితే బట్టమేక పక్షికి అది ఇల్లు పోగొట్టుకోవడమే. దాచుకోవడానికి చెట్టు కాదు దానికి కావలసింది, దూరం దాకా కనబడే చూపు. సౌర ఫలకాలు పెడదామంటారు ఇంకొకరు. ఇక్కడికి దగ్గర్లోనే గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. సూర్యుడి కరెంటు మనకు కావాలి, బొగ్గు కన్నా నూరు రెట్లు మేలు. కాని దానికి చోటు ఎంచుకునేటప్పుడు, తీగ లాగేటప్పుడు ఇక్కడ ఎవరున్నారు అని ఒక్కసారి అడగాలి.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వన్యప్రాణి సంరక్షకుడు ఎం.కె. రంజిత్‌సిన్హ్ తదితరులు 2019లో వేసిన కేసులో, రాజస్థాన్, గుజరాత్‌లలోని బట్టమేక పక్షుల ప్రాంతాల్లో వీలైన చోట తీగలను భూమిలోపలికి మార్చాలని, మిగతా తీగలకు పక్షులకు కనబడే పలకలు తగిలించాలని 2021 ఏప్రిల్ 19న కోర్టు ఆదేశించింది. సుమారు 99,000 చదరపు కిలోమీటర్ల మీద అది ఆచరణసాధ్యం కాదని కేంద్రం మళ్లీ కోర్టుకు వెళ్లింది. 2024 మార్చి 21న కోర్టు ఆ సార్వత్రిక ఆదేశాన్ని సవరించి, ఎక్కడ ఏం చేయాలో నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. ఆ హక్కును నేను మనసారా స్వాగతిస్తాను. అయితే పక్షినీ సూర్యుడి కరెంటునూ ఎదురెదురుగా నిలబెట్టి ఒకదాన్ని ఎంచుకోమంటే ఒప్పుకోలేను. పక్షి తిరిగే ఇరుకు దారుల్లో తీగను భూమిలో పూడ్చడానికి అయ్యే ఖర్చు ఆ ప్రాజెక్టు ఖర్చులో భాగమే. దాన్ని మొదటి రోజే లెక్కలో వేయాలి.

రక్షణ పేరుతోనూ నష్టం చేయవచ్చు. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో 1981లో ఈ పక్షి కోసం అభయారణ్యం పెట్టారు. ఊళ్ల పొలాలను కూడా హద్దుల్లోకి చేర్చారు. రైతు తన భూమిని తాను అమ్ముకోలేని పరిస్థితి వచ్చింది. కృష్ణజింకలు పెరిగి పంటల మీద పడ్డాయి. దాంతో జనానికి పక్షి మీదే కోపం వచ్చింది. 1990లలో అక్కడ బట్టమేక పక్షి కనుమరుగైంది. రోళ్లపాడులోనూ కృష్ణజింకలు బాగా పెరిగాయి, పంట నష్టపోయిన రైతుల బాధ మనకు తెలుసు. కంచె వేసి, జనాన్ని బయట నిలబెట్టి ఈ పక్షిని కాపాడలేం. అది కంచె బయట పొలాల్లోనే ఎక్కువ సేపు బతుకుతుంది.

జైసల్మేర్ దగ్గర సమ్‌లో 2019లో సంరక్షణ కేంద్రం మొదలైంది. మైదానం నుంచి గుడ్లు తెచ్చి, యంత్రాల్లో పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో తొలిసారి ఒక బట్టమేక పిల్ల పుట్టింది. ఆ కేంద్రాల్లో రాత్రింబవళ్లు పనిచేసేవాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. కాని పెంచిన పిల్లను వదలాల్సింది మళ్లీ ఆ తీగల కిందికే అయితే, ఆ కష్టమంతా వృథా. పక్షిని మనం మార్చలేం. దాని కళ్లను ముందుకు తిప్పలేం, దాని కాలికి నాలుగో వేలు పెట్టలేం. మార్చగలిగింది తీగను, పంటను, కుక్కల మందను.

ఇక ప్రశ్నలకు వద్దాం. ముందు వరుసలో ఒక విద్యార్థిని అడుగుతున్నారు, రోళ్లపాడుకు బట్టమేక పక్షి తిరిగి వస్తుందా అని.

దానంతటదే వస్తుందని చెప్పలేనమ్మా. కాని ఆ నేల చచ్చిపోలేదు. కృష్ణజింకలున్నాయి, తోడేళ్లున్నాయి. చలికాలం వస్తే మధ్య ఆసియా నుంచి హారియర్ గద్దలు వచ్చి సాయంత్రం వేళ ఆ గడ్డిలోనే దిగి నిద్రపోతాయి. గడ్డి బతికే ఉందనడానికి అదే ఆనవాలు. సంరక్షణ కేంద్రాల్లో పెరిగిన పిల్లలను వదిలే రోజు వస్తుంది. ఏ రాష్ట్రంలో నేల సిద్ధంగా ఉందని అప్పుడు అడుగుతారు. మన దగ్గర చూపించడానికి ఏముంటుంది? రోళ్లపాడు చుట్టూ ఏ సర్వే నంబరులో ఏ పంట వేస్తున్నారు, జొన్న, కొర్ర ఇంకా ఎవరు వేస్తున్నారు, ఏ కరెంటు తీగ ఎటు పోతోంది, వాటిలో ఎన్ని భూమిలో వేయడానికి వీలైనవి, గొర్రెల కాపరులు ఏ నెలలో ఎక్కడ మేపుతారు, ఇవన్నీ ఒక పటం మీద ఉండాలి. మందు కొట్టకుండా మెట్ట పంట వేసే రైతుకు నష్టం రాకుండా ఎంత చెల్లించాలో లెక్క ఉండాలి. మీ జువాలజీ, భూగోళం, ఆర్థికశాస్త్రం విభాగాలు కలిస్తే ఈ పని మొదలుపెట్టవచ్చు. మీ ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ఉన్నారు. అటవీశాఖ అనుమతికి కావలసిన ఉత్తరం ఈ సభ ముగియగానే కూర్చుని రాద్దాం. వచ్చే వానలకు ముందే ఊళ్లలో రైతులతో మాట్లాడాలి, విత్తనాలు కొన్నాక వెళితే లాభం లేదు.